ఆకును చదివితే దొరికే చిమ్మట: కామెరేరియా ఓహ్రిడెల్లా

ఆగస్టు సగం గడిచేసరికి వియన్నా, మ్యూనిక్, లండన్ పార్కుల్లో ఒక చెట్టు మాత్రం మిగతా వాటికంటే రెండు నెలల ముందే ఎండిపోయినట్టు కనిపిస్తుంది. పక్కనున్న ఓక్, లిండెన్ చెట్లు పచ్చగానే ఉంటాయి. ఇదొక్కటే తుప్పురంగుకు తిరిగి, ఆకులు ముడుచుకుని, గాలి లేకపోయినా రాలుస్తుంటుంది. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు మొదటి ఏడాది దాన్ని చూసి ఎండ దెబ్బ అనుకుంటే తప్పు పట్టలేం. ఆ చెట్టు పేరు హార్స్ చెస్ట్‌నట్. చేతివేళ్లలా విచ్చుకున్న అయిదు నుంచి ఏడు రెబ్బలతో, దూరం నుంచి దాని ఆకు మన బూరుగు ఆకును గుర్తుకు తెస్తుంది. అందే కొమ్మ నుంచి ఒక ఆకు కోసి ఎండకు ఎదురుగా పట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. గోధుమరంగు మచ్చల్లో చాలావాటి లోపల బోలు. ఆ బోలులో, రెండు పొరల మధ్య, నొక్కి చదును చేసినట్టున్న పురుగు నీడలా కదులుతుంటుంది.

ఆ పురుగు పెరిగి అయ్యే చిమ్మట పేరు కామెరేరియా ఓహ్రిడెల్లా. రెక్కలు ముడిచి కూర్చుంటే పొడవు అయిదు మిల్లీమీటర్లకు మించదు. పూర్తి బియ్యపు గింజ కూడా కాదు, నూక గింజంత. ఇంత చిన్న చిమ్మటలను గుర్తించే పనిలో కొత్తవాళ్లు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఎగిరే పురుగును పట్టుకుని, దాని రెక్కల బొమ్మను పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూస్తూ కూర్చుంటారు. సీతాకోకచిలుకల్లో ఆ పద్ధతి పనికొస్తుంది. ఆకు లోపల బతికే చిన్న చిమ్మటల్లో మాత్రం పురుగును చూడటానికి ముందే చెట్టును, ఆకును, ఆకు మీది మచ్చను చూడాలి. ఏ చెట్టు? ఆకు పైవైపా, అడుగువైపా? మచ్చ ఈనెల మధ్య ఆగిందా, వాటిని దాటిందా? వీటికి జవాబులు దొరికితే పేరు దాదాపు దొరికినట్టే.

అలాగని రెక్కలను పట్టించుకోనక్కర్లేదని కాదు. భూతద్దం కింద ఈ చిమ్మట చాలా అందమైనది. ముందు రెక్కలు మెరిసే రాగి గోధుమరంగులో ఉంటాయి. వాటి మీద అడ్డంగా వెండి తెలుపు పట్టీలు, ప్రతి పట్టీకి ఒక పక్క కాటుక దిద్దినట్టు నల్లని అంచు. రెక్క మొదలు దగ్గర పొడుగునా ఒక తెల్లని గీత. తల మీద కాషాయం కలిసిన వెంట్రుకల కుచ్చు. కాళ్లు తెల్లగా, నల్లని చుక్కలతో. వెనుక రెక్కలు బూడిదరంగులో సన్నగా ఉండి, రెక్క వెడల్పును మించిన వెంట్రుకల అంచుతో పక్షి ఈకల్లా కనిపిస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, యూరప్‌లో ఫిల్లోనోరిక్టర్ అనే దగ్గరి బంధువుల ప్రజాతి ఒకటి ఉంది. అందులోని పదుల కొద్దీ జాతులు ఇదే పరిమాణంలో, ఇవే రంగుల్లో, ఇలాంటి పట్టీలతోనే ఉంటాయి. రెక్కల మీది పొలుసులు కాస్త రాలిపోయాయంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. ఆకు దగ్గరికి వస్తే ఈ తికమక ఉండదు. ఫిల్లోనోరిక్టర్ జాతుల్లో ఎక్కువ భాగం ఆకు అడుగువైపు తొలిచి, పట్టుదారంతో పొరను లాగి గుడారంలా ముడత పెడతాయి. ఓహ్రిడెల్లా పైవైపు తొలుస్తుంది, ఆకును చదునుగానే ఉంచుతుంది.

జీవితచక్రం మొదలయ్యేది చెట్టు పూలు పూసే వేళకు. ఏప్రిల్ చివర, మే మొదట్లో, చలికాలమంతా రాలిన ఆకుల్లో గడిపిన ప్యూపాల (పురుగు చిమ్మటగా మారే మధ్య దశ) నుంచి చిమ్మటలు బయటికి వస్తాయి. ఉదయం పూట హార్స్ చెస్ట్‌నట్ మొదలు దగ్గర నిలబడి బెరడును ఒక చదరపు అడుగు మేర జాగ్రత్తగా చూస్తే, ముందు ఏమీ కనిపించదు. కన్ను అలవాటు పడ్డాక బెరడు పగుళ్ల మధ్య వెండి గీతలు ఒక్కొక్కటే తేలతాయి. ఆడ చిమ్మట వదిలే వాసనను పట్టుకుని మగవి అక్కడికి చేరతాయి. ఆ వాసన రసాయనమేమిటో 1999లో తేల్చారు. ఇప్పుడు దాన్ని ఎరలలో పెట్టి, ఎన్ని చిమ్మటలు ఎప్పుడు ఎగురుతున్నాయో లెక్కిస్తున్నారు. ఎరకు చిక్కేవి మగవే కాబట్టి, అది లెక్కకు పనికొచ్చినంతగా నివారణకు పనికిరాదు.

జతకట్టిన ఆడది పైకి వెళ్లి, ఆకు పైవైపున ఈనెల వెంబడి ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడదానికి 20 నుంచి 40 దాకా. గుడ్డు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆరిన నీటిచుక్క మచ్చలా ఉంటుంది. వాతావరణాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి మూడు వారాల లోపు అది పొదుగుతుంది. పిల్ల పురుగు గుడ్డు కింద నుంచే తిన్నగా ఆకులోకి దూరుతుంది. బయటి గాలి దాన్ని తాకదు. ఆ క్షణం నుంచి చిమ్మటగా మారి రెక్కలు విప్పేదాకా అది ఆ ఆకు దాటి బయటికి రాదు.

అది ఆకులో చేసే పనిని వివరంగా చూడాలి, ఎందుకంటే గుర్తింపు కీలకమంతా అక్కడే ఉంది. మొదటి దశల్లో పురుగు నమలదు. దాని దవడలు చదునైన కత్తుల్లా ఉంటాయి. పైపొర కణాలను కోస్తూ పోయి, కారిన రసాన్ని తాగుతుంది. అప్పుడు ఆకు మీద కనిపించేది ఈనె పక్కన కామా గుర్తంత చిన్న లేత గీత. ఆ గీత కొద్ది రోజుల్లో గుండ్రని చుక్కగా, చుక్క చిన్న నాణెంలా విస్తరిస్తుంది. కుబుసం విడిచే కొద్దీ పురుగు నోరు మారుతుంది. తర్వాతి దశల్లో అది పైపొర కింద నిలువుగా పేర్చినట్టుండే పచ్చని కణాలను నమిలి తింటుంది. ఆకు ఆహారం తయారుచేసుకునే అసలు వంటిల్లు ఆ కణాలే. ఇక్కడినుంచి మచ్చ రెండు పక్క ఈనెల మధ్య పొడవుగా సాగి, మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బలమైన పక్క ఈనె గట్టులా అడ్డం నిలుస్తుంది కాబట్టి మచ్చకు రెండువైపులా తిన్నని అంచులు వస్తాయి. ముందు పాలిపోయిన తెలుపు, తర్వాత గోధుమరంగు. లోపల పురుగు పెంట నల్లని రవ్వలుగా కనిపిస్తుంది.

మొత్తం ఆరేడు దశలు. చివరి రెండింటిలో పురుగు అసలు తినదు. అప్పుడు దాని పని పట్టు నేయడమే. సొరంగంలో ఒక చోట గుండ్రని గది కట్టుకుని ప్యూపాగా మారుతుంది. వెలుతురుకు పెడితే ఆ గది చిన్న కంటిపాపలా కనిపిస్తుంది. వేసవి తరం ప్యూపాలు చాలావరకు పట్టుగూడు లేకుండానే ఉంటాయి, రెండు వారాల్లో పని ముగిస్తాయి. చలికాలం గడపాల్సినవి గట్టి పట్టుగూడు నేసుకుంటాయి. అంటే ఆగస్టులో కోసిన ఆకులో గూడు ఉందా లేదా చూస్తే, ఆ పురుగు ఈ ఏడాదే ఎగరబోతోందా, వచ్చే వసంతం దాకా నిద్రపోబోతోందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ప్యూపా తల కొనన మొనదేలిన ముల్లు లాంటిది ఉంటుంది. చిమ్మట బయటికి రావాల్సిన వేళ ప్యూపా దాంతో ఆకు పైపొరను చీల్చి, సగం శరీరాన్ని బయటికి తోస్తుంది. చిమ్మట వెళ్లిపోయాక ఆ ఖాళీ తొడుగు ఆకు మీద నిలబడే ఉంటుంది. వేలితో ఆకును నిమిరితే ముల్లులా తగులుతుంది.

వాతావరణం మామూలుగా ఉంటే ఏడాదికి రెండు మూడు తరాలు, వేడిగా పొడిగా ఉన్న ఏడాది అంతకంటే ఎక్కువ. వసంతంలో మొదటి తరం చేసే నష్టం అంతగా కంటికి ఆనదు. మే నెలలో ఆకుకు నాలుగైదు మచ్చలుంటాయి, అదీ కింది కొమ్మల్లో, ఎందుకంటే చిమ్మటలు నేల మీది ఆకుల్లోంచి పైకి వస్తాయి. జులైలో రెండో తరం గుడ్లు పెట్టేసరికి లెక్క తారుమారవుతుంది. ఒకే ఆకు మీద 700 దాకా సొరంగాలు లెక్కించిన సందర్భాలున్నాయి. అప్పుడు మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది ఏ పురుగుదో చెప్పలేం. గుర్తింపు నేర్చుకునేవాళ్లు అందుకే ఆగస్టు ఆకుతో కాకుండా జూన్ ఆకుతో మొదలుపెట్టాలి.

హార్స్ చెస్ట్‌నట్ ఆకు మీది గోధుమరంగంతా ఈ చిమ్మట ఖాతాలో వేయడం కూడా తప్పే. గుయిగ్నార్డియా అనే శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చ తెగులు దూరం నుంచి అచ్చం ఇలాగే ఉంటుంది. రెండూ ఒకే ఆకు మీద ఉండటమూ మామూలే. తెగులు మచ్చ చుట్టూ తరచుగా పసుపు అంచు ఉంటుంది, మచ్చ ఈనెలను లెక్కచేయకుండా దాటిపోతుంది. దాన్ని గోటితో గీకితే పొర ఊడదు, ఎందుకంటే లోపల బోలు లేదు. చిమ్మట మచ్చ పైపొర ఉల్లిపొరలా లేస్తుంది. నీటి ఎద్దడి వల్ల వచ్చే ఎండు ఆకు అంచుల నుంచి లోపలికి పాకుతుంది. గోరు, వెలుతురు చాలు, వేరే పరికరం అక్కర్లేదు.

ఈ చిమ్మట సైన్సుకు తెలిసి అర్ధ శతాబ్దం కూడా కాలేదంటే నమ్మడం కష్టం. 1984లో మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర చెట్ల మీద దీన్ని గమనించారు. 1986లో దేష్కా, దిమిచ్ అనే ఇద్దరు కొత్త జాతిగా వర్ణించారు. పేరులోని ఓహ్రిడ్ ఆ సరస్సుదే. చివరనున్న 'ఎల్లా' జీవులకు రెండు పదాల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ, చిన్న చిమ్మటల పేర్లకు ఆయన ఆ తోక తగిలించేవాడు. 1989లో ఇది ఆస్ట్రియాలోని లింజ్ ప్రాంతంలో కనిపించింది. అక్కడినుంచి మధ్య యూరప్ అంతా పాకి, 2002 నాటికి లండన్‌లోని వింబుల్డన్ చేరింది. నూకంత చిమ్మట తన రెక్కలతో అంత దూరం, అంత త్వరగా పోలేదు. రోడ్డు పక్క చెట్ల కింద ఆపిన కార్లు, లారీలు, రైళ్లు దాన్ని మోసుకెళ్లాయి. కొత్త ఊళ్లో మొదటి మచ్చలు తరచూ పెద్ద రోడ్ల వెంట కనిపించింది అందుకే.

అసలు ఇది ఎక్కడిది? ఆ ప్రశ్న చాలాకాలం తెగలేదు. కామెరేరియా ప్రజాతిలోని బంధువులు ఎక్కువగా ఉత్తర అమెరికాలో, ఆసియాలో ఉంటాయి. యూరప్‌లో ఈ ప్రజాతి కనిపించడం అదే మొదలు. కాబట్టి బయటినుంచి వచ్చి పడిందేనన్న వాదానికి బలం ఉండేది. జవాబు దొరికింది అడవిలో కాదు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో. హార్స్ చెస్ట్‌నట్ ఎక్కడి చెట్టన్నది కూడా చాలాకాలం వివాదమే. 1576లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నుంచి వియన్నాకు తెప్పించుకున్నాడు కాబట్టి అది ఆసియా చెట్టని చాలామంది అనుకునేవారు. థియోడోర్ ఫోన్ హెల్డ్‌రైఖ్ అనే వృక్షశాస్త్రవేత్త గ్రీసు కొండల్లో అడవి చెట్లను చూసి, 1879లో కొమ్మలు సేకరించి, అదిమి ఎండబెట్టి దాచాడు. 2011లో డేవిడ్ లీస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పాత హెర్బేరియం కాగితాలను తిరగేసినప్పుడు ఆ 1879 ఆకుల్లోనే ఓహ్రిడెల్లా సొరంగాలు, వాటిలో ఆకుతో పాటు నలిగి ఎండిన పురుగులు దొరికాయి. పాత నమూనాల డీఎన్‌ఏ కూడా అదే జాతిని చూపించింది. ఈనాటి చిమ్మటల జన్యు వైవిధ్యమూ ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ కొండల్లోని సహజ అడవుల్లోనే ఎక్కువ, మిగతా యూరప్‌లో చాలా తక్కువ. చెట్టు పుట్టిల్లు రుజువు చేయడానికి కోసిన కొమ్మే చిమ్మట పుట్టింటికి కూడా సాక్ష్యమైంది. సాక్ష్యం నూటముప్ఫై ఏళ్లు అందరి కళ్లెదుటే ఉంది. అయితే చూసినవాళ్లంతా చెట్టును చూశారు, మచ్చను చూడలేదు.

అంటే వియన్నా తోటల్లో చెట్టు నాలుగు వందల ఏళ్లకు పైగా తన శత్రువు లేకుండా హాయిగా పెరిగింది. బవేరియాలో బీరు నిల్వచేసే నేలమాళిగలు చల్లగా ఉండాలని పైన ఇదే చెట్టును వరుసలుగా నాటారు. వీధుల్లో, బడుల ఆవరణల్లో, కోటల ముందు అదే జాతి. బాల్కన్ లోయల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే చెట్టును మనుషులు ఖండమంతా తోరణంలా కట్టి ఉంచారు. చిమ్మట చేరడమే ఆలస్యమైంది. దాని విజయానికి అసలు కారణం దాని బలం కంటే ఈ నాటుడే అనిపిస్తుంది.

ఇక్కడే భారతదేశం ప్రస్తావన నిజంగా వస్తుంది. హిమాలయాల్లో, కశ్మీరు నుంచి ఉత్తరాఖండ్ మీదుగా నేపాల్ దాకా, ఇదే కుటుంబపు చెట్టు ఇండియన్ హార్స్ చెస్ట్‌నట్ పెరుగుతుంది. కొండ ఊళ్లలో దాన్ని పంగర్ అంటారు. ఓహ్రిడెల్లా దాని మీద నిలదొక్కుకోలేదు. అందుకే యూరప్‌లో కొన్నిచోట్ల కొత్తగా నాటేటప్పుడు దాన్ని ఎంచుకుంటున్నారు. ఎర్రపూల హార్స్ చెస్ట్‌నట్‌లో కూడా పురుగు మొదటి దశల్లోనే చచ్చిపోతుంది, ఆకు మీద చిన్న చుక్క మిగులుతుంది అంతే. కానీ నాణేనికి మరోవైపు ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో యూరప్ హార్స్ చెస్ట్‌నట్ బెరడు నుంచి జిగురు కార్పించి చెట్లను నిజంగా చంపుతున్న బ్యాక్టీరియాను మొదట గుర్తించింది ఇండియాలోనే, ఈ పంగర్ ఆకుల మీది చిన్న మచ్చల్లో. చిమ్మటను తట్టుకునే బంధువు ఉన్న చోటే చెట్టును చంపే సూక్ష్మజీవి బంధుత్వమూ ఉంది. ఒక చెట్టును మరో చెట్టుతో మార్చేస్తే సరిపోతుందని తొందరపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆకు తొలిచే ఈ జీవన పద్ధతి తెలుగు రైతులకు కొత్తదేమీ కాదు. ఓహ్రిడెల్లా ఉన్న గ్రాసిల్లారిడే కుటుంబంలోనిదే నిమ్మ, బత్తాయి తోటల్లో కనిపించే ఆకు తొలిచే పురుగు. దాని పేరు ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, 1856లో కలకత్తా నమూనాలతో వర్ణించారు. నెల్లూరు నిమ్మతోటల్లో, నల్గొండ బత్తాయి తోటల్లో లేత చిగురు మీద నత్త పాకినట్టు వంకర టింకర వెండిగీత కనిపిస్తే అది దీని పనే. గీత మధ్యలో పెంట సన్నని నల్లదారంలా సాగుతుంది, చివర ఆకు అంచు మడిచి అందులో ప్యూపా కడుతుంది. ఆ గాయాల గుండానే గజ్జి తెగులు సులువుగా సోకుతుంది కాబట్టి రైతుకు నష్టం రెండింతలు. రెండు పురుగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిమ్మ పురుగు జీవితమంతా రసం తాగి పాములా పాకుతుంది, గీత మిగులుస్తుంది. ఓహ్రిడెల్లా మధ్యలో నమలడం మొదలుపెడుతుంది, మచ్చ మిగులుస్తుంది. మచ్చ ఆకారం పురుగు నోటి కథ చెబుతుందన్నమాట.

దీనికి శత్రువులు లేకపోలేదు. బ్లూ టిట్ పిట్టలు మచ్చను ముక్కుతో చీల్చి పురుగును లాక్కుంటాయి. చీమతల కంటే చిన్నవైన పరాన్నజీవి కందిరీగలు ఆకు పొరలోంచే పురుగు మీద గుడ్లు పెడతాయి. కానీ వీటి దెబ్బ ఎప్పుడూ తక్కువే. కారణాల్లో ఒకటి కాలం కుదరకపోవడం. రాలిన ఆకుల్లో చలికాలం గడిపిన కందిరీగలు వసంతంలో ముందుగా లేస్తాయి, అప్పటికి ఆకుల్లో వాటికి కావాల్సిన పురుగులు ఉండవు. బ్రిటన్‌లో 2010లో మొదలైన కాంకర్ ట్రీ సైన్స్ (హార్స్ చెస్ట్‌నట్‌కు అక్కడి వాడుక పేరు కాంకర్ ట్రీ) అనే ప్రజా పరిశోధనలో వేలమంది, వారిలో బడిపిల్లలు చాలామంది, ఈ విషయాన్నే పరీక్షించారు. మచ్చలున్న ఆకును ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టి, రెండు వారాల తర్వాత ఎన్ని చిమ్మటలు, ఎన్ని కందిరీగలు బయటికొచ్చాయో లెక్కపెట్టి పంపారు. చిమ్మట కొత్త చోటికి చేరిన మూడేళ్లకే నష్టం తారస్థాయికి చేరుతోందని, కందిరీగలు ఆ వేగాన్ని అందుకోలేకపోతున్నాయని ఆ లెక్కల్లో తేలింది. ఖరీదైన పరికరం ఒక్కటీ లేకుండా తేల్చిన సంగతి ఇది, దానికి తగిన గౌరవం ఇవ్వాలి.

చెట్టు చస్తుందా అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. ఈ చిమ్మట ఒక్కదాని వల్ల చావదు. ఏటా ఆగస్టుకే మోడు బారిన చెట్టు కూడా మరుసటి వసంతం మామూలుగానే చిగురిస్తుంది, ఎందుకంటే ఏడాదికి కావాల్సిన ఆహారంలో పెద్ద వాటా నష్టం ముదరక ముందే చెట్టు సంపాదించుకుంటుంది. దెబ్బ తగిలేది గింజలకు. అవి చిన్నవై, తేలికవై రాలతాయి. ఇంగ్లండు పిల్లలు శరదృతువులో ఆ గింజలకు బెజ్జం పెట్టి దారానికి గుచ్చి ఒకరి గింజను ఒకరు కొట్టుకునే ఆట ఆడతారు, వాళ్లకు ఇది వెంటనే తెలిసే నష్టం. బాల్కన్ అడవుల్లో మాత్రం విషయం అంతకంటే తీవ్రం. అక్కడ సహజంగా మిగిలిన చెట్లు తక్కువ, గింజ బలహీనమైతే మొలక బలహీనం.

నివారణ దగ్గరికి వస్తే, జీవితచక్రం తెలిసినవాళ్లకు బలహీనమైన చోటు ఇట్టే కనిపిస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఈ జాతి దాదాపు మొత్తం చెట్ల కింద రాలిన ఆకుల్లో, పట్టుగూళ్లలో ఉంటుంది. ఆ ఆకులను ఊడ్చి, వేడెక్కే పెద్ద ఎరువు కుప్పలో వేసినా, మట్టి కప్పి పూడ్చినా మరుసటి వేసవి మొదటి తరం బాగా తగ్గుతుంది. ఊడ్చిన ఆకుతో పాటు కందిరీగలూ పోతాయి కాబట్టి స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆకులను పీపాల్లో నింపి పైన జల్లెడ బిగించి చూశారు. జల్లెడ కళ్లలోంచి కందిరీగ దూరిపోగలదు, చిమ్మట దూరలేదు. ఆలోచన చక్కనిది. కానీ ఒక వీధిలో ఊడ్చి పక్క వీధిలో వదిలేస్తే, జులైకి పక్క వీధి చిమ్మటలు ఇక్కడికి వస్తాయి. ఒంటరిగా నిలబడ్డ చెట్టు దగ్గర, గోడ ఉన్న తోటలో ఊడ్పు బాగా పనిచేస్తుంది. వందల చెట్లున్న పార్కులో ఆఖరి ఆకు దాకా ఎత్తితేనే ఫలితం, ఎత్తాల్సింది ఏప్రిల్ రాకముందే.